ఫ్యాక్టరీలు వచ్చాకే ఆడవాళ్ళు పనిలోకి వచ్చారా? ఆలిస్ క్లార్క్ గురించి కాస్త వివరంగా

మీరడిగింది ఇదీ: "ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు వచ్చేదాకా ఆడవాళ్ళు ఇల్లు చూసుకునేవాళ్ళని, ఫ్యాక్టరీలే వాళ్ళని పనిలోకి లాగాయని మా పుస్తకంలో ఉంది. మా గైడేమో ఆలిస్ క్లార్క్‌ని చదివి రమ్మంటున్నారు. ఎవరీవిడ? బూట్ల కంపెనీ యజమాని కూతురికి కూలి ఆడవాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? వందేళ్ళ నాటి పుస్తకాన్ని ఇప్పుడు నమ్మొచ్చా?"

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు ఎకనామిక్ హిస్టరీ చెప్పాను. అందులో మొదటి ఏడెనిమిదేళ్ళు మీ పుస్తకంలో ఉన్న ఆ వాక్యాన్నే బోర్డు మీద రాశాను, పిల్లలు పరీక్షలో అదే రాస్తే మార్కులూ వేశాను. తర్వాత ఒక వేసవి సెలవుల్లో ఆలిస్ క్లార్క్ పుస్తకానికి ఎవరో చేయించిన జెరాక్స్ కాపీ చేతికొచ్చింది, సగం పేజీల్లో అంచులు తెగిపోయి ఉన్నాయి, అయినా వదల్లేకపోయాను. జూన్‌లో కాలేజీ తెరిచాక ఆ పాఠం పాత నోట్స్‌తో చెప్పడానికి నోరు రాలేదు.

ముందు మనిషి సంగతి చెప్తాను. ఆలిస్ క్లార్క్ 1874లో ఇంగ్లండ్ నైరుతి వైపున సోమర్‌సెట్ ప్రాంతంలో స్ట్రీట్ అనే ఊళ్ళో పుట్టింది. ఊరి పేరే స్ట్రీట్, అచ్చుతప్పు కాదు. ఇప్పుడు మాల్స్‌లో కనిపించే క్లార్క్స్ బూట్లు ఉన్నాయి చూశారా, అవి ఆ కుటుంబం 1825లో ఆ ఊళ్ళో మొదలుపెట్టిన కంపెనీవే. వాళ్ళు క్వేకర్లు. పూజారులు లేని క్రైస్తవ శాఖ అది, ప్రార్థన సమావేశంలో ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడొచ్చు. అమ్మ హెలెన్, అప్పట్లో పేరుమోసిన పార్లమెంటు సభ్యుడు జాన్ బ్రైట్ కూతురు. ఈ బ్రైట్ గారి కథ తమాషాగా ఉంటుంది. 1867లో ఆడవాళ్ళ ఓటు కోసం జాన్ స్టూవర్ట్ మిల్ పెట్టిన సవరణకి ఓటేశాడు, ఆ తర్వాత మనసు మార్చుకుని ఎదురు తిరిగాడు. సొంత తమ్ముడు జేకబ్ మాత్రం పార్లమెంటులో ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడుతూనే ఉన్నాడు. పన్ను కట్టే ఆడవాళ్ళకి మునిసిపల్ ఎన్నికల్లో ఓటు తెచ్చిన 1869 నాటి సవరణ ఆయనదే. చెల్లెలు ప్రిసిల్లా ఎడిన్‌బరోలో ఓటు హక్కు సంఘం నడిపింది. ఇక కూతురు హెలెన్ 1866లోనే మొదటి ఓటు హక్కు అర్జీ మీద సంతకం పెట్టింది, 1883లో లీడ్స్ సభలో తండ్రి ఎదుటే లేచి ఆడవాళ్ళకి ఓటు కావాలని మాట్లాడింది. ఓటు గొడవ ఆలిస్‌కి ఎక్కడో బయట తగులుకున్నది కాదు, ఇంట్లో భోజనాల దగ్గర వింటూ పెరిగిన విషయం.

మీ రెండో ప్రశ్న మంచి ప్రశ్న. యజమాని కూతురే, కాదనను. కానీ ఆమె 1893లో, పందొమ్మిదేళ్ళు నిండకముందే, యూనివర్సిటీకి వెళ్ళకుండా ఫ్యాక్టరీలో చేరి ఒక్కో విభాగం పనీ నేర్చుకుంది. కంపెనీ లిమిటెడ్ అయినప్పుడు మొదటి డైరెక్టర్లలో ఆమె ఒకరు. ఇంకో సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. బూటు తయారీలో తోలు కత్తిరించే పని మగవాళ్ళది, పైభాగం ముక్కల్ని కలిపి కుట్టే పని ఆడవాళ్ళది. ఒకప్పుడు ఆ ముక్కల్ని ఇళ్ళకి పట్టుకెళ్ళి, పిల్లల్ని పక్కన పెట్టుకుని కుట్టి, తిరిగి అప్పజెప్పేవాళ్ళు. 1850లలో కుట్టుమిషన్లు వచ్చాక ఆ పని మెల్లగా షెడ్లలోకి మారడం మొదలైంది. అంటే పని ఇంట్లోంచి బయటికి పోతే ఇంట్లో మనిషికి ఏమవుతుందన్నది ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, తన ఊళ్ళో తండ్రి కాలం నుంచి నడుస్తున్న వ్యవహారం అది.

మధ్యలో క్షయ పట్టుకుంది. చెల్లెలు హిల్డా డాక్టరు, ఆమే వైద్యం చేసింది. ఫ్యాక్టరీకి దూరంగా చాలా కాలం ఉండాల్సి వచ్చింది. కోలుకున్నాక లండన్ చేరి రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, మిలిసెంట్ ఫాసెట్ నడిపే నేషనల్ యూనియన్ ఆఫ్ విమెన్స్ సఫ్రేజ్ సొసైటీస్ కార్యవర్గంలో పని. కిటికీల అద్దాలు పగలగొట్టిన వర్గం వేరు, అది పాంక్‌హర్స్ట్ గారిది. వీళ్ళది ఉత్తరాలు రాయడం, ఎంపీల చుట్టూ తిరగడం, ఎవరు మన వైపు, ఎవరు గోడ మీద అని లెక్క రాసుకోవడం. రెండోది, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధన. బెర్నార్డ్ షా భార్య షార్లట్ తన సొంత డబ్బుతో పెట్టిన ఫెలోషిప్ దొరికింది. లిలియన్ నోల్స్ గారు గైడు. అప్పటికి ఆమెకి నలభై దగ్గర పడుతోంది, డిగ్రీ లేదు. పీహెచ్‌డీ ఆలస్యమైందని టెన్షన్ పడే మా స్టూడెంట్స్‌కి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఈవిడే.

ఈ రెండు పనులూ వేరువేరని చాలామంది రాస్తారు: పగలు ఉద్యమం, సాయంత్రం లైబ్రరీ అన్నట్టు. నా లెక్కలో రెండూ ఒకే పేచీ. ఓటు వద్దన్నవాళ్ళ ప్రధాన వాదన ఏమిటి? ఆడదాని చోటు ఇల్లు, ఎప్పుడూ ఇంతే, ఇది ప్రకృతి. 1908లో మిసెస్ హంఫ్రీ వార్డ్ అనే పెద్ద నవలా రచయిత్రి ముందుండి, ఆడవాళ్ళతోనే ఆడవాళ్ళ ఓటుకి వ్యతిరేకంగా ఒక లీగు పెట్టించింది. ఆ "ఎప్పుడూ ఇంతే" అన్న మాటని ఉపన్యాసంతో ఓడించలేం. పాత కాగితాలు తీసి చూపించాలి. చరిత్రకారులు ఆడవాళ్ళని మారని సరుకుగా, కాలం ఎంత కదిలినా అక్కడే ఉండిపోయే వస్తువుగా చూశారని ఆమె పుస్తకం మొదట్లోనే తేల్చి చెప్తుంది. మిగతా పుస్తకమంతా ఆ అభిప్రాయం మీద దాడే.

ఆ పుస్తకం 'వర్కింగ్ లైఫ్ ఆఫ్ విమెన్ ఇన్ ది సెవెన్టీన్త్ సెంచరీ'. 1919లో అచ్చయింది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, క్వేకర్ల సహాయ పనులు వచ్చిపడ్డాయి.

ఇప్పుడు అసలు విషయం. ఉత్పత్తి మూడు రకాలంటుంది క్లార్క్. మొదటిది ఇంటి వాడకం కోసం ఇంట్లో చేసుకునేది. రెండోది కుటుంబ పరిశ్రమ, అంటే భార్యాభర్తలు, పిల్లలు, పని నేర్చుకునే కుర్రాళ్ళు అంతా కలిసి అమ్మకానికి సరుకు చేయడం. మూడోది పెట్టుబడిదారీ పరిశ్రమ, ఒక్కో మనిషికి విడిగా కూలి. చాలామంది స్టూడెంట్స్ ఈ మూడింటినీ నోట్స్‌లో గీత గీసి రాసుకుని అక్కడితో ఆపేస్తారు, కీలకం మాత్రం రెండో దానికీ మూడో దానికీ మధ్య ఉంది. కుటుంబ పరిశ్రమలో వచ్చిన డబ్బు ఎవరిది? కుటుంబానిది. అందులో భార్య చేతిపని కలిసిపోయి ఉంటుంది, ఖర్చులో ఆమె మాటా చెల్లుతుంది. కూలి వ్యవస్థలో డబ్బు ఆ మగాడి చేతికి, అతని పేరు మీద వస్తుంది. భార్య అతను పనిచేసే యజమాని షెడ్డులోకి వెళ్ళి చేయందించలేదు. పని ఆమె చేతుల్లోంచి పోయింది, పిల్లలూ పొయ్యీ మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి.

మా అమ్మమ్మ పోచంపల్లి వైపు ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చెక్క, వాటి చుట్టూ దారం అటూ ఇటూ తిప్పుతూ గంటల తరబడి చెయ్యి ఊపడమే. రాత్రికి భుజం లేచేది కాదు, జండూబామ్ వాసన వచ్చేది. సొసైటీ పుస్తకంలో ఉన్నది తాత పేరు ఒక్కటే, నేత కార్మికుడు ఆయనే. క్లార్క్ కుటుంబ పరిశ్రమ గురించి రాసిన పేజీలు చదువుతుంటే నాకు ఆ చెక్కే కళ్ళముందుకొచ్చింది. ఇంగ్లండ్‌లో జరిగింది ఇక్కడా అచ్చంగా అలాగే జరిగిందని అనడం లేదు, ఆ పొరపాటు మీరూ పేపర్లో చేయకండి.

ఆమె ఆధారాలు ఎలా తవ్విందో చూడండి, నాకు బాగా నచ్చేది అదే. 1563 చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రతి జిల్లా మెజిస్ట్రేట్లూ ఏటా కూలి రేట్లు ప్రకటించాలి. ఆ జాబితాల్లో చాలాచోట్ల రెండు రేట్లు ఉంటాయి, తిండి పెడితే ఇంత, తిండి లేకుండా ఇంత. మన పల్లెల్లో కూలి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ అడుగుతారు కదా, అన్నం మీదా మాదా అని, సరిగ్గా అదే. మిగతా చరిత్రకారులు వీటిని కూలి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని చూడటానికి వాడారు. క్లార్క్ రెండు రేట్ల మధ్య తేడా తీసింది. ఆ తేడాయే ఒక మనిషి రోజు తిండి ఖరీదు. దాన్నిబట్టి భార్యకీ పిల్లలకీ ఎంత కావాలో లెక్కేసి, తిండి తిని వచ్చే కూలివాడి చేతిలో మిగిలే డబ్బు ఇంట్లోవాళ్ళ కడుపుకి చాలదని తేల్చింది. అందుకే సొంత భూమి, ఆవు, ఉమ్మడి బీడు లేని కూలివాడి భార్య అందరికంటే అన్యాయమైపోయిందంటుంది. తల్లి పస్తు, పాలు లేక పసిబిడ్డ పోవడం. ఫ్యాక్టరీ లెక్కల పుస్తకం తెలిసిన మనిషి ఇలాంటి తేడా తీస్తుంది. ఉత్త పండితుడికి అంత తొందరగా తట్టదు.

నూలు వడికేవాళ్ళదీ అదే బాధ. ఒక్క మగ్గం ఆడాలంటే ఎంతోమంది రాట్నం తిప్పాలి, అయినా వడికినదానికి ఇచ్చేది పిల్లల్ని కూడా సాకడానికి చాలదు. పెళ్ళి కాని ఆడదాన్ని ఇంగ్లీషులో స్పిన్‌స్టర్ అంటారు కదా, ఆ మాటకి అసలర్థం నూలు వడికే మనిషి అనే. బ్రూస్టర్ అంటే బీరు కాచే ఆవిడ. ఇవాళ ఇంటిపేర్లుగా మిగిలిన వెబ్‌స్టర్, బ్యాక్‌స్టర్ కూడా నేత, రొట్టె పని చేసేవాళ్ళ పేర్లే, వాటి చివరున్న ముక్క మొదట్లో ఆడవాళ్ళని చెప్పేది.

అన్నీ కన్నీళ్ళే కాదు. జోన్ డాంట్ కథ చదవండి. లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఒక నేతగాడి భార్య. భర్త పోయాక మేజోళ్ళు, రిబ్బన్లు, చిల్లర సామాను మూట కట్టి వీపున వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. ఈవిడా క్వేకరే, మాట తీరు మంచిది కాబట్టి ఆ ఇళ్ళలో భోజనానికి కూర్చోబెట్టేవాళ్ళు. తిండి ఖర్చు కలిసొచ్చింది! రూపాయి రూపాయి కూడబెట్టి హోల్‌సేల్‌కి ఎదిగింది, చివరికి పారిస్, బ్రసెల్స్ వ్యాపారులు ఆమెకి బాకీ పడేదాకా. బతుకు మాత్రం పాత మూట రోజుల్లో లాగే. వీలునామా రాయించడానికి వెళితే ఆస్తి 9,000 పౌండ్లు దాటిందని తెలిసి రాసేవాడు కంగారుపడ్డాడట. ధనవంతుల దగ్గర సంపాదించాను, పేదలకి ఇచ్చి పోతాను అందావిడ. 1715లో 84 ఏళ్ళకి పోయింది. క్లార్క్ ఇది చెప్పేటప్పుడు ఎంత ముచ్చటపడుతుందో, ఆ వాక్యాల్లోనే తెలిసిపోతుంది.

చేతివృత్తుల అధ్యాయంలో ఇంకో పట్టు ఉంది. గిల్డుల్లో, అంటే వృత్తి సంఘాల్లో, భర్త చనిపోతే భార్య ఆ వ్యాపారం నడపొచ్చు. అచ్చుపనిలో భర్త పోయిన ఆడవాళ్ళు ప్రెస్సులు నడిపిన దాఖలాలు బోలెడు. మరి ఆమెకి ఆ పని ఎక్కడిదండీ, అంత్యక్రియలైన మర్నాడు పొద్దున్నే నేర్చుకుందా? భర్త బతికున్నన్నాళ్ళూ పక్కన నిలబడి చేసిందనే కదా. ఆ ఏళ్ళన్నీ కాగితం మీద భర్త పేరుతోనే ఉన్నాయి, ఆయన పోయాకే ఆమె పేరు బయటపడింది. మంత్రసానుల గురించి కూడా చదవండి. కాన్పు చేసే పట్టకారుని ఛాంబర్లెన్ అనే వైద్యుల కుటుంబం తరతరాలు రహస్యంగా దాచుకోవడం, 1687లో ఎలిజబెత్ సెలియర్ అనే మంత్రసాని తమకి శిక్షణ సంస్థ కావాలని రాజుకి ప్రణాళిక పెట్టుకుంటే అది కాగితం మీదే ఉండిపోవడం. చదువూ సంఘమూ మగవాళ్ళ చేతిలో ఉంటే, తరాలుగా చేతిలో ఉన్న పని కూడా జారిపోతుంది.

ఇక నమ్మొచ్చా అన్నది. కొంత నమ్మొచ్చు, కొంత కుదరదు. పెద్ద విమర్శ ఏమిటంటే, ఆమె పెట్టుబడికి ముందు కాలాన్ని స్వర్ణయుగంలా చూపిందని. జుడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి మధ్యయుగపు బీరు తయారీ మీద పనిచేసి, ఆడవాళ్ళ చేతిలోంచి ఆ వ్యాపారం జారిపోవడం 1350 తర్వాత నుంచే మొదలై 1600 నాటికి దాదాపు పూర్తయిందని, అంతకుముందు వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు కూడా అది లాభం తక్కువున్న చిన్నపనే అని చూపించింది. ఇది గట్టి దెబ్బే, క్లార్క్ పదిహేడో శతాబ్దపు మలుపు అన్నది అంత మలుపేం కాదని తేలుతుంది. ఇటువైపు నుంచి ఎమీ ఎరిక్సన్ (Amy Erickson) లాంటి చరిత్రకారులు పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో కూడా సంఘాల కింద అమ్మాయిలు పని నేర్చుకోవడం, వ్యాపారాలు నడపడం చూపించారు, అంటే అంత పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. నాకైతే ఇంకో అసంతృప్తి ఉంది. కుటుంబ పరిశ్రమలో డబ్బు కుటుంబానిది అని ఆమె సులువుగా అనేస్తుంది. చట్టం ప్రకారం భార్య సంపాదన భర్తదే, ఇంగ్లండ్‌లో అది మారింది 1870, 1882 చట్టాలతో. గల్లాపెట్టె తాళం ఎవరి నడుముకుందో ఆమె ఇంకాస్త గట్టిగా అడగాల్సింది. యజమాని ఇంట్లో పెరిగిన చూపు అక్కడ కాస్త కనిపిస్తుందని నా అనుమానం.

అయినా మీ పుస్తకంలో ఉన్న వాక్యం మాత్రం తప్పే. ఫ్యాక్టరీ ఆడవాళ్ళని పనిలోకి తేలేదు. పని అంతకుముందూ ఉంది, అది జరిగే చోటు మారింది, డబ్బు వచ్చే దారి మారింది. క్లార్క్‌ని తప్పుపట్టినవాళ్ళు కూడా ఈ మాట దగ్గర ఆమెతో పేచీ పెట్టుకోలేదు. 1930లో ఐవీ పింఛ్‌బెక్ 1750 నుంచి 1850 దాకా రాసిన పుస్తకంలో, ఫ్యాక్టరీలు చివరికి ఆడవాళ్ళకి మేలే చేశాయని ఆశగా రాసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, పేపర్‌కి సగం అక్కడే దొరుకుతుంది.

ఓటు సంగతి మధ్యలో వదిలేశాను. 1918లో బ్రిటన్ ఆడవాళ్ళకి ఓటొచ్చింది, కానీ 30 ఏళ్ళు నిండాలి, పైగా ఆస్తి అర్హతో, అలాంటి అర్హత ఉన్న భర్తో ఉండాలి. డైరెక్టర్ హోదాలో ఉన్న ఆలిస్ లాంటి వాళ్ళకి ఇబ్బంది లేదు, ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చున్న ఇరవై, ఇరవై ఐదేళ్ళ అమ్మాయిలకి మాత్రం ఏమీ రాలేదు. యుద్ధకాలంలో ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనిచేసినందుకు బహుమతిగా ఓటిచ్చారని రాసేవాళ్ళు దీన్ని ఎలా సర్దుకుంటారో నాకర్థం కాదు. వాళ్ళకి మగవాళ్ళతో సమానంగా వచ్చింది 1928లో. ఆలిస్ అప్పటికి మళ్ళీ స్ట్రీట్‌లో బూట్ల పనిలోకి వెళ్ళిపోయింది, 1934లో పోయింది.

ఈ ఆస్తి మెలిక మనకీ తగిలింది. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు ముందుండి 1917 డిసెంబర్‌లో మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగుని కలిసి ఆడవాళ్ళకి ఓటు అడిగారు. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల సభలకి వదిలేసింది, మద్రాసు ప్రెసిడెన్సీ 1921లో అందరికంటే ముందు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ ఆడవాళ్ళు దాని కిందికే వస్తారు. అయితే ఆస్తి, పన్ను అర్హత అలాగే ఉంచారు. నాట్లేసే ఆడమనిషికీ, కండెలు చుట్టే ఆవిడకీ ఆస్తి పేరు మీద ఎక్కడుంటుంది?

చదివే పద్ధతి: కాపీరైట్ ఎప్పుడో తీరింది, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొనక్కర్లేదు. మొదటి నుంచి మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. ముందు ఐదో అధ్యాయం, చేతివృత్తులు. తర్వాత వ్యవసాయం మీదున్న మూడోది. జోన్ డాంట్ రెండో దాంట్లో ఉంటుంది. నేత మీదున్నది చివరికి ఉంచుకోండి, అంకెలు ఎక్కువ. 1982, 1992 పునర్ముద్రణలు లైబ్రరీలో దొరికితే వాటి ముందుమాటలు మాత్రం తప్పకుండా చదవండి, పై విమర్శలు అక్కడ చాలావరకు దొరుకుతాయి. పేపర్లో కోట్ చేసేటప్పుడు 1919 అని సంవత్సరం స్పష్టంగా రాయండి. పునర్ముద్రణ తేదీ ఒక్కటే వేసి ఆమెని 1980ల ఫెమినిస్టుని చేసేసినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని వైవాలో చూశాను, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదట పట్టుకునేది అదే.